కాలు కొలుచు మెట్టు

గుంటూరునుండి మాయింటికి వచ్చిన మూడవ వారమున మా అమ్మ ఒకనాటి యుదయమున కాఫీగ్లాసు చేతబట్టుకొని మేడ దిగుచు, పదునాఱు మెట్లలో పదునైదింటిని నిర్భయముగా దిగి, పదునాఱవదానియొద్ద మాత్రము నేల యింకను అందలేదన్నట్లు ముందునకు తూలి, గోడ పట్టుకొని నిలిచి, ఒలికిన కాఫీని చూచుచు, “ఈ ఆఖరి మెట్టు దగ్గరికి వచ్చేసరికి కాలు నా మాట వినడం లేదురా” అనెను. డెబ్బదిరెండేండ్ల వయసు, మోకాళ్ల నొప్పి, క్రొత్త దేశము, నిద్రపట్టని రాత్రులు: కారణములకేమి కొదువ? మేమందఱమును ఆమె కాళ్లనే నిందించితిమి. ఆమె మాత్రము రెండు పర్యాయములు అలిపిరినుండి 3,550 మెట్లు కాలినడకన నెక్కి వేంకటేశ్వరుని దర్శించినదాననన్న ధీమాతో, “కొండమెట్లు పడెయ్యలేదు గాని మీ ఇంటి మెట్లు పడేస్తాయా నన్ను” అని మా వైద్యసలహాలనన్నింటిని త్రోసిపుచ్చెను. ఆమె మాటయే నిజమని తెలియుటకు మాకు రెండు నెలలును, ఒక కొలతటేపును, సవానా పట్టణమునకొక ప్రయాణమును కావలసివచ్చెను.

అమెరికాలోని అట్లాంటా మహానగరమున కుత్తరమున మేము నివసించు అల్ఫారెట్టా 1858లో పురముగ నేర్పడి, మిల్టన్ కౌంటీకి ముఖ్యపట్టణమై కొంతకాలము వెలిగి, 1932లో ఆ కౌంటీ ఫుల్టన్ కౌంటీలో లీనమగుటతో ఆ గౌరవమును పోగొట్టుకొన్న చిన్నయూరు. జార్జియా 400 రహదారి వచ్చిన పిదప కంప్యూటరు కంపెనీలకును, వానిని నమ్ముకొని వచ్చిన మావంటి తెలుగువారికిని అది నివాసమైనది. ఇచట చారిత్రకములైన వరుసయిండ్లు లేవు. ప్రాతయిండ్లు కొన్ని మిగిలియున్నను అవి చెట్లనడుమ విడివిడిగా నిలిచిన కఱ్ఱయిండ్లు. ఉన్న వరుసయిండ్లన్నియు, మాయింటితో సహా, క్రొత్తవి, టౌన్‌హౌసులని పేరుగలవి. పునాదినుండి పైకప్పువఱకు ఒక్క కుటుంబమునకే చెందునట్లును, ఇరుప్రక్కల గోడలు పొరుగువారితో నుమ్మడిగ నుండునట్లును, మూడో అంతకు మించియో యిండ్లు ఒకదానికొకటి ఆనించి కట్టినయెడల దానికాపేరు చెల్లును. నేల ధర పెరిగినకొలది యింటి వెడల్పు తగ్గి యెత్తు హెచ్చును గావున క్రింద కారుషెడ్డు, నడుమ వంటయిల్లు, పైన పడకగదులు. మన లోగిళ్లలో నడవ యెట్టిదో యీ యిండ్లలో మెట్లట్టివి: తలుపు తట్టినను మెట్లే, కళ్లజోడు మఱచినను మెట్లే, అర్ధరాత్రి పసివాడేడ్చినను మెట్లే.

మన అగ్రహారములలోను ఇంటికి నింటికి నడుమ ఉమ్మడిగోడ యుండెడిది. పొరుగింట పెట్టిన యింగువపోపు మనయింట తుమ్మించెడిది. కాని మన వరుసయిండ్లు వీథినుండి పెరటివఱకు నేలమీదనే పొడవుగ సాగిపోవునవి. అటకకొక నిచ్చెన వేసికొన్నచో పని గడిచెడిది. పాశ్చాత్యుల వరుసయిల్లు ఆకాశమువైపు సాగినది గనుక దానికి మెట్లు వెన్నెముకయైనవి.

మెట్టనునది మిక్కిలి సామాన్యమైన వస్తువువలె గన్పట్టును. కాలు మోపు పలక, ఆ పలకకును పై పలకకును నడుమనున్న యెత్తు, ఇవి రెండే దాని యంగములు; మన తాపీమేస్త్రీలు కూడ వానిని ట్రెడ్డు, రైజరు అనియే పిలుచుచుందురు. కాని యీ రెండు కొలతలమీద మానవశరీరము పెట్టుకొన్న నమ్మకము అసామాన్యమైనది. బెర్లిన్ నగరమునందలి శారిటే వైద్యశాల పరిశోధకులు, మోకాలికీలు మార్పించుకొన్న యైదుగురి కృత్రిమకీళ్లలో బలమును కొలుచు చిన్నయంత్రముల నమర్చి, 2010లో ప్రకటించిన ఫలితములను బట్టి, చదునైన నేలపై నడుచునపుడు కీలుపై బడు గరిష్ఠభారము శరీరభారమునకు సుమారు 2.6 రెట్లు, మెట్లెక్కునపుడు 3.2 రెట్లు, దిగునపుడు 3.5 రెట్లు. అనగా 60 కిలోల మనిషి దిగు ప్రతిమెట్టునను మోకాలు 200 కిలోలకు మించిన భారమును క్షణకాలము మోయుచున్నదన్నమాట. ఎక్కుట కష్టము, దిగుట సులభమని మనము సామాన్యముగ ననుకొందుము. ఊపిరికది నిజమే, కీలుకు కాదు. ఎక్కుచు తూలినవాడు ముందున్న మెట్లపై చేతులూని యాగగలడు. దిగుచు తూలినవానికి ముందున్నది శూన్యము. అమెరికాలో 1990 మొదలు 2012 వఱకు గల యిరువదిమూడేండ్లలో మెట్లపై గాయపడి ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చినవారు ఏటా సగటున పదిలక్షలకు పైబడినట్లు లెక్కతేలినది.

ఎత్తునకును వెడల్పునకును నడుమ నొక న్యాయమున్నదని మొట్టమొదట సూత్రీకరించినవాడు ఫ్రాన్సుదేశపు గణితజ్ఞుడు, రాజాస్థాన వాస్తువిద్యాపరిషత్తునకు ప్రథమాధ్యక్షుడునైన ఫ్రాంస్వా బ్లాండెల్. 1675లో ప్రకటింప నారంభించిన వాస్తుపాఠములలో నాతడు చేసిన యూహ సరళమైనది: సమతలమున మనిషి వేయు అడుగు పొడవు 24 ఫ్రెంచి అంగుళములు, పైకెత్తుటకు కాలు పడు శ్రమ ముందుకు సాచుటకు పడు శ్రమకు రెట్టింపు, కావున మెట్టు ఎత్తొక అంగుళము హెచ్చినపుడెల్ల పలక వెడల్పు రెండంగుళములు తగ్గవలెను. రెండెత్తులును ఒక వెడల్పును కూడిన 24 రావలెను. ఆనాటి ఫ్రెంచి అంగుళము మన యంగుళముకంటె కొంచెము పెద్దది గనుక నేటి లెక్కలో అది రమారమి 25.6. మూడున్నర శతాబ్దములు గడిచినను వాస్తుశిల్పులు ఈ సూత్రమును ఇంకను వల్లించుచునే యున్నారు. శాస్త్రీయముగ జూచిన నది పూర్తిగ నిలువదు. మనుష్యుల యడుగులన్నియు నొక్కకొలతవి కావు, మెట్లు మిక్కిలి చదునైనపుడును, మిక్కిలి నిటారైనపుడును సూత్రము చెప్పు కొలతలు కాలికి హితవు గావు. అయినను ఇంటిమెట్ల మేరకది చెడ్డ మార్గదర్శి కాదని నా యభిప్రాయము.

నేటి ప్రభుత్వ నియమములు అడుగునకు గాక పలకకే నేరుగ హద్దులు గీయును. అమెరికా రాష్ట్రములు తమతమ సవరణలతో స్వీకరించు నమూనా గృహనిర్మాణ నియమావళి మెట్టు ఎత్తు 7.75 అంగుళములకు మించరాదనియు, పలక లోతు 10 అంగుళములకు తగ్గరాదనియు, మెట్లదారి వెడల్పు 36 అంగుళములకు తక్కువ కారాదనియు, తలపైని ఖాళీ 80 అంగుళములుండవలెననియు చెప్పుచున్నది. మన దేశపు జాతీయ భవననిర్మాణ నియమావళి నివాసగృహములకు 190 మిల్లీమీటర్ల యెత్తును, 250 మిల్లీమీటర్ల పలకను విధించినది. రెండును రమారమి సమానములే. విశేషమేమనగా మన నియమావళి రెండంతస్తుల వరుసయిండ్లకు మాత్రము ప్రత్యేకముగ దయదలచి, మెట్లదారి ముప్పావు మీటరు వెడల్పున్నను సరిపుచ్చుకొన్నది. ఇఱుకుస్థలములో వరుసగ గట్టుకొన్నవాని బాధ ఏ దేశమునందైన నొక్కటే.

ఇంతవఱకు చెప్పినవన్నియు పెద్దకొలతలు. ప్రాణములు దీయునది చిన్నకొలత. మెట్లెక్కు మనిషి మొదటి రెండు మూడు మెట్లను కన్నులతో జూచును. తరువాత చూపును మరల్చి, ఎదుటివానితో మాటలాడుచునో, ఫోను చూచుకొనుచునో సాగిపోవును. ఆ మొదటి మెట్లను బట్టి కాలు ఒక కొలతను నేర్చుకొని, మిగిలినవన్నియు నట్టివేయను పూచీపై, మెట్టు అంచుకు పైగా బొటనవ్రేలిని ఎంతమాత్ర మెత్తవలెనో అంతమాత్రమే యెత్తును. పిసినారియైన యీ కాలు అనవసరముగ నొక వ్రేలిమందమైనను వ్యర్థము చేయదు. ఆ వరుసలో నొక్క మెట్టు అర అంగుళము హెచ్చినచో వ్రేలు తగులును, తగ్గినచో పాదము గాలిని తొక్కును. న్యూయార్కు నగరమున బ్రూక్లిన్‌లోని 36వ వీథి సొరంగరైలు స్టేషనులో నొక మెట్టు తక్కినవానికంటె అర అంగుళము మాత్రమే హెచ్చుగ నుండెను. 2012లో డీన్ పీటర్సన్ అను చలనచిత్రకారుడు అచట కెమెరాతో నిలిచి, వచ్చినవారు వచ్చినట్లు ఆ యొక్క మెట్టునందే తడబడుటను చిత్రించి లోకమునకు చూపగా, రైల్వేవారు వెంటనే ఆ మెట్లదారిని మూసి బాగుచేసిరి. పడుచువారు, వృద్ధులు, సూటుకేసు మోయువారు, బిడ్డను చంకనెత్తినవారు, అందఱును ఆ చిత్రమున నొక్కచోటనే తూలుదురు. తూలిన ప్రతివాడును ఒక్కమాఱు వెనుదిరిగి చూచి, తనదే పొరపాటని సిగ్గుపడి, ముందుకు సాగును. మా అమ్మయు నట్లే సిగ్గుపడెను.

అందువలననే నియమావళి 7.75 అంగుళములవఱకు నెంత యెత్తైనను పెట్టుకొమ్మని స్వేచ్ఛనిచ్చి, ఒక్క వరుసలోని మిక్కిలి యెత్తైన మెట్టునకును మిక్కిలి పొట్టి మెట్టునకును నడుమ భేదము అంగుళములో 3/8 వంతుకు మించరాదని కట్టడి చేసినది. ఈ విద్యలో ప్రామాణికుడైన జాన్ టెంప్లర్ మాకు పొరుగువాడే. అట్లాంటాలోని జార్జియా టెక్ విద్యాలయమున ఆచార్యుడై, మెట్లపై జనులు నడుచు తీరును చిత్రములుదీసి పరిశీలించి, 1992లో మెట్లను గూర్చి రెండు సంపుటముల గ్రంథము ప్రకటించినాడు. ఒక సంపుటము చరిత్ర, రెండవది పతనశాస్త్రము. మెట్ల సౌందర్యమును గూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. వానిపైనుండి మనుష్యులెట్లు పడుదురను దానికి సమానస్థానమిచ్చి వ్రాసినవారు అరుదు.

వేసవి సెలవులలో అమ్మను సవానాకు తీసికొనిపోతిమి. అల్ఫారెట్టానుండి కారులో నాలుగు గంటలకు మించిన ప్రయాణము. 1733లో జేమ్స్ ఓగ్లెథోర్ప్ అను ఆంగ్లేయుడు చదరపు తోటలచుట్టు వీథులను కూర్చి కట్టించిన యీ సముద్రతీరపట్టణము 1796లోను 1820లోను ఘోరాగ్నిప్రమాదములకు లోనై, కఱ్ఱను విడిచి ఇటుకను ఆశ్రయించినది. 1853లో లేచిన గోర్డన్ వరుసయందు ఇరువదేసి యడుగుల వెడల్పుగల నాలుగంతస్తుల యిండ్లు పదునైదు ఒకే యచ్చున బోసినట్లు నిలిచియున్నవి. ప్రతియింటికిని వీథినుండి ఇనుపకమ్మీల మెట్లెక్కి పైయంతస్తున నున్న ముంగిటికి బోవలెను. ఈ ముంగిటిమెట్లను స్టూపులందురు, డచ్చిభాషనుండి వచ్చిన మాట. సాయంకాలము జనులు వానిపై గూర్చుండి దారినపోవువారిని పలుకరించుట చూచి మా అమ్మ, “మన అరుగేరా ఇది, నిలబెట్టి కట్టారంతే” అనెను. ఇంతకంటె చక్కని నిర్వచనమును నేను ఏ వాస్తుగ్రంథమునందును చూడలేదు.

ఆ యిండ్లు నేటికి నిలిచియుండుట దైవికము గాదు. 1954లో ఊరి నడిబొడ్డుననున్న ప్రాత సంతభవనమును పడగొట్టి కార్లు నిలుపు స్థలముగ మార్చినందుకు ఖేదపడిన యేడుగురు మహిళలు మఱుసటియేడు హిస్టారిక్ సవానా ఫౌండేషన్ స్థాపించి, 1820నాటి డావెన్‌పోర్ట్ గృహమును కొని కాపాడిరి. కొన్నియేండ్లకే, ఓగ్లెథోర్ప్ వీథిలో మేరీ మార్షల్ అను నామె పందొమ్మిదవ శతాబ్దమున గట్టించిన నాలుగిండ్ల వరుసను, అందలి యిటుకల కొఱకే కొన్నవాని చేతిలోనుండి విడిపించిరి. వెనుకటి బగ్గీశాలలు అప్పటికే యిటుకలై పోయియుండెను. సవానా బూడిదయిటుక యని పేరుమోసిన ఆ యిటుక నగరసమీపమున నుండిన హెర్మిటేజ్ తోటలో బానిసల చేతులమీదుగ తయారైనది. ఆ గోడల యందమును మెచ్చుకొనునపుడు ఆ చేతులను తలచుకొనకుండుట న్యాయము గాదు.

మేమొక ప్రాత వరుసయింట రెండు రాత్రులు అద్దెకు దిగితిమి. లోపలిమెట్లు చూడగనే నా గుండె జల్లుమన్నది. ఉమ్మడిగోడ నంటి, మనిషొకడు పట్టునంత వెడల్పున, నిటారుగ నిలిచిన మెట్లు. పలకల నడిమిభాగము తరతరముల పాదములకు అరిగి తమలపాకుడొప్పవలె గుంటపడియున్నది. అమ్మ క్రిందిగదిలోనే పడుకొనవలెనని నేను పట్టుబట్టితిని. ఆమె వినలేదు. రెండురోజులలో నామె ఆ మెట్లను పది పదునైదు మాఱులు ఎక్కి దిగెను, ఒక్కమాఱైనను తూలలేదు. వంటగది సొరుగులో దొరకిన టేపుతో నేనా మెట్లను కొలిచితిని: ఎత్తు 8 అంగుళములు, పలక 9.5. నేటి నియమావళి ప్రకారము రెండును దోషములే. కాని రెండెత్తులును ఒక పలకయు కూడిన 25.5, బ్లాండెల్ చెప్పిన 25.6 నకు వెండ్రుకవాసి దూరము. అంతకంటె ముఖ్యము, క్రిందినుండి పైదాక నొక్కొక్కదానిని కొలిచినను ఎనిమిదికి అటునిటు నూలుపోగంత భేదమే. అరుగుదలకూడ అన్ని పలకలందును సమానముగనే యుండెను. పేరు తెలియని ఆ వడ్రంగి నిటారుమెట్లు కట్టెనుగాని అబద్ధపుమెట్టు ఒక్కటియు కట్టలేదు.

వరుసయింటి మెట్లకొక ప్రత్యేకమైన దురవస్థ కలదు. ఇరుప్రక్కలు ఉమ్మడిగోడలగుటచే కిటికీ పెట్టుటకు చోటుండదు; కావుననే ప్రాతకాలపు నిర్మాతలు మెట్లబావికి సరిగ్గా పైన కప్పునందొక అద్దపుగవాక్షమును తెఱచి, నూతిలోనికి వెలుగు జాఱినట్లు వెలుగును క్రిందివఱకు జాఱవిడిచిరి. ఆ బావియే వేసవిలో వేడిగాలిని పైకి లాగు పొగగొట్టముగ పనిచేయును. నిప్పంటినచో నదే మృత్యుమార్గమగును. మెట్ల కట్టడము కూడ విచిత్రమైనది. గోడవైపు కొన ఇటుకలో నాటుకొని స్థిరముగ నుండును; లోపలివైపు కొన ఏటవాలు దూలముపై నిలిచి, ఆ దూలము పైయంతస్తు దూలమునుండి వ్రేలాడును. కఱ్ఱ ఎండి కృశించును, దూలము కొంచెముగ వంగును, ఇటుక మాత్రము కదలదు. నూఱేండ్లు గడుచునప్పటికి మెట్లన్నియు బావివైపునకు ఒరుగును. దీనిని పరీక్షించుటకు గొప్ప యంత్రమక్కఱలేదు. ఆ సవానాయింట మా చిన్నవాడు మెట్టుపై నుంచిన గోళీ తనంతట తానే కమ్మీలవైపు దొరలి, వాని నడుమనుండి క్రిందియంతస్తునకు దూకి మాయమైనది.

రాతిమెట్ల సంగతి ఇంకను చిత్రమైనది. లండను నగరమున గ్రీనిచ్‌లో ఇనిగో జోన్స్ నిర్మించిన రాణిగారి మందిరమున తులిప్‌మెట్లను సర్పిలమున్నది. నడుమ స్తంభము లేకయే గోడచుట్టును తిరుగుచు పైకిబోవు ఆ మెట్లు బ్రిటనులో నట్టివానిలో మొదటివని ప్రసిద్ధి. ప్రతిరాయియు ఒక కొన గోడలో దూర్చుకొని, రెండవకొన గాలిలో నుంచుకొని నిలిచియున్నట్లు చూపఱులకు తోచునుగాని, గోడలో దూరిన భాగము జానెడైనను లేనిచో రాయొక్కటియే యెట్లు నిలుచును? నిజమునకు ప్రతిరాయియు క్రిందిరాతి వెనుకయంచుపై ముందుయంచు నానించి కూర్చుండును. భారము పడగనే రాయి క్రిందికి తిరుగబోవును. గోడ ఆ మెలికను అడ్డును. క్రిందిరాయి బరువును అందుకొనును. తిరునాళ్లలో బారులుదీరినవారు ఒకరి భుజముపై నొకరు చేయివేసికొని జనసమ్మర్దమును త్రోసికొనిపోవునట్లు, ఆ రాళ్లు బరువును ఒకదానినుండి యొకటి యందుకొని నేలవఱకు చేర్చును. బారునడుమనుండి యొకడు తప్పుకొన్నచో ఏమగునో ఊహించుకొనవచ్చును. అందువలననే యిట్టిమెట్లలో ఒక్క పగిలినరాతిని మార్చవలెనన్నను ముందుగా పైవానికన్నిటికి ఊతకఱ్ఱలు పెట్టవలెను. మెట్లతోబాటు మెలికదిరుగు చేతికమ్మీని ఒక్క కఱ్ఱదుంగనుండి యెట్లు చెక్కవలెనో, ఆ వంకరకు జ్యామితి లెక్కలెట్లు కట్టవలెనో 1792లో పీటర్ నికల్సన్ వడ్రంగులకై వ్రాసిన పుస్తకము వివరించినది. నేడు కంప్యూటరు చేయు పనిని ఆనాటి వడ్రంగి బొగ్గుముక్కతో నేలపై గీచి సాధించెను.

ఇట్టి మెట్లను ఆధునికులెట్లు బాగుచేయవలెను? అమెరికా ప్రభుత్వము 1977లో మొదట ప్రకటించి తరువాత సవరించిన చారిత్రక భవనముల పునరుద్ధరణసూత్రముల సారము, భవనమునకు గుఱుతైన యంగమును తీసివేయక బాగుచేయవలెననుట. మెట్లు తఱచుగ అట్టి గుఱుతే. ఉన్న భవనముల నియమావళియు ఉదారముగ, స్థలము చాలక వాలు తగ్గింప వీలులేనిచోట పాతవాలుననే క్రొత్తమెట్లు వేసికొనుటకు సమ్మతించును. కావున పనియంతయు కనబడనిచోట జరుగవలెను: పలకల క్రింద వదులైన చెక్కమేకులను తీసి జిగురుతో క్రొత్తవి బిగించుట, ఒరిగిన దూలమునకు ప్రక్కనొక యుక్కుపట్టీ తొడుగుట. మెట్టు కిఱ్ఱుమనుట యననేమి? ఎండిన కఱ్ఱ మేకుపై రాచుకొనుటయే. పైనుండి మఱి నాలుగు మేకులు కొట్టువాడు నాలుగు క్రొత్త కిఱ్ఱులను కొట్టుచున్నాడు. ప్రాత చేతికమ్మీలు నేటి కనిష్ఠపరిమితియైన 34 అంగుళములకంటె పొట్టిగ నుండుట కద్దు. దానిని కోసి యెత్తుట కంటె దాని నట్లేయుంచి, గోడవైపున సరియైన యెత్తున రెండవకమ్మీ వేయుట మేలు. వృద్ధులకు రెండు చేతులకును ఊతయగును.

ఆధునికాభిరుచిని గూర్చి ఒక్కమాట. ఉమ్మడిగోడల చీకటియింట గాజుపలకల మెట్లు, నడుమనొక యుక్కుదూలముపై తేలు మెట్లు, ఎత్తుపలక లేని తెఱపిమెట్లు వేయించుట నేడు వేడుక. వెలుగు క్రిందికి దిగుననుట నిజమే. అద్దపుగవాక్షము చేసిన పనినే యవి మఱియొక విధమున చేయును. తెఱపిలో నాలుగంగుళముల బంతి దూరరాదను నియమముగూడ పసివారి తలలను తలచి పెట్టినదే. కాని గాజుపలకయంచు ఎచట ముగియునో వృద్ధుల కంటికి దొరకదు; చతురస్రముగ వెడల్పుగ మలచిన కమ్మీ పత్రికలలో ఫొటోకు ముచ్చటగ నుండును, పడబోవువాని వ్రేళ్లు మాత్రము దానిని చుట్టుకొనలేవు. గుండ్రని కమ్మీ అంగుళముంబావునుండి రెండంగుళములలోపు వ్యాసముండవలెనని నియమావళి చెప్పుట యందుకే. నన్నడిగిన, ఆ వేడుకకు వెచ్చించు ధనములో పదవవంతుతో ప్రతిమెట్టు అంచునను ఒక ముదురురంగు పట్టీయు, రాత్రి వెలుగు చిన్నదీపమును పెట్టించుకొనుట వివేకము.

మన తెలుగువారి వేడుక వేఱు: మెట్లు బేసిసంఖ్యలో నుండవలెను. మాయింట క్రిందినేలకును పైనేలకును నడుమ ఎత్తు 121 అంగుళములు. పదునాఱుగ విభజింపగా ఒక్కొక్కటి 7.56. పదునైదు చేయింపుమని నిర్మాతను బ్రతిమాలిన మిత్రులు కలరు; అపుడు మెట్టు 8.07 అయి నియమమును మీఱును. పదునేడు చేసిన 7.12 అయి కాలికి సుఖమేగాని, అదనపు పలకకు కావలసిన పదియంగుళములు ఎదుటి తలుపునో, తలపై దూలమునో వచ్చి తాకును. నేను మా అమ్మకు చెప్పిన సమాధానమిది: ఎత్తులు పదునాఱైనపుడు పలకలు పదునైదే, ఎందుకనగా ఆఖరియెత్తు పైన నున్నది పలక గాదు, పైయంతస్తు నేల. ఆమె కొంతసేపాలోచించి, “అయితే పదిహేనే లెక్క” అని వాస్తుపురుషుని పక్షమున తీర్పు చెప్పెను.

సవానానుండి తిరిగివచ్చిన రాత్రియే టేపు తీసికొని మాయింటి మెట్లను కొలిచితిని. నడిమివన్నియు 7.56. మొదటిది 8.06. ఆఖరిది, అనగా పైనేలను చేరునది, 7.06. నియమావళి 3/8 వంతు భేదమును సహించును. మాయింట అది నిండు అంగుళము. కారణము వెదుక నక్కఱలేకపోయెను. అంతకు ముందటియేడు మెట్లపైని కార్పెటు తీయించి ఓక్‌పలకలు వేయించితిమి. పనివారు అర అంగుళపు కార్పెటును పెరికి, క్రిందనున్న ప్రాతపలకలను తీయకయే, వానిపై అంగుళపు ఓక్‌ను పఱచిరి. మెట్లన్నియు సమముగ అర అంగుళము పైకి లేచెను గనుక వానిలోవానికి భేదము రాలేదు. కాని క్రిందనున్న టైళ్లనేల లేవలేదు, పైయంతస్తు కార్పెటునేలయు లేవలేదు. ఆ విధముగ మొదటిమెట్టు అర అంగుళము పెరిగినది, ఆఖరిది అర అంగుళము తరిగినది. దిగుచున్న మా అమ్మ కాలు పదునైదు మెట్లు నేర్పిన కొలత ప్రకారము నేలను వెదకి, అర అంగుళము పైననే ప్రతిదినమును మోసపోవుచుండెను. పడుచుకాళ్లము గనుక మేమాదెబ్బను దాచుకొంటిమి. పని చూచుటకు కండ్లతో నిలిచినవాడను నేనే; మెఱుగు చూచితిని, కొలత చూడలేదు.

మఱియొక వడ్రంగి వచ్చి, ప్రాతపలకలను ఊడదీసి, ఏటవాలు దూలములపై అర అంగుళపు ప్లైవుడ్‌ముక్కలు పేర్చి, వానిపై నదే ఓక్‌ను మరల బిగించెను. అంగుళమును అర అంగుళమును కూడి, మొదట ప్రాతపలకయు కార్పెటును కలసియున్న మందమునకు సరిపోయినది. రెండుదినముల పని.

మీయింటను కార్పెటు తీయించి కఱ్ఱపలకలో, గ్రానైటో వేయింపబోవుచున్నచో, రంగు లెంచుకొనుటకు ముందు మొదటిమెట్టును ఆఖరిమెట్టును మీచేతులతో కొలిచి గోడపై వ్రాసిపెట్టుకొనుడు. పనికి వచ్చినవానిని, మెట్టు ఎంత లేచును, క్రిందినేల యెంత లేచును, పైనేల యెంత లేచునని యడుగుడు. మూడింటికిని ఒక్క యంకెను చెప్పలేనివానికి బయానా యీయకుడు.